భోషాణంలో బేసు

పెళ్లయిన కొత్తలో మా ఆయన నా గొంతుకి కీచురాయి అని పేరు పెట్టారు. "ఒసే వరాలూ, నువ్వు పిలిస్తే చెవిలో సూది దిగుతుందే" అనేవారు. ఆయనకి లావు శబ్దమంటే ప్రాణం. వాయించేది బేసు గిటారు. నాలుగు లావు తీగలు, పాట అడుగున ఉండే మోత. పగలు చోడవరం తాలూకా ఆఫీసులో గుమాస్తా కామేశం, సాయంత్రమైతే బంగార్రాజు మ్యూజిక్ పార్టీలో బేసు కామేశం. ఈ రెండో కామేశం కోసమే మొదటి కామేశం అన్నం తింటున్నాడని కాపురానికొచ్చిన కొన్నాళ్లకే నాకు అర్థమైంది.

గిటారు వాల్తేరు రైల్వే క్వార్టర్సులో ఎవరో వదిలించుకుంటుంటే తెచ్చుకున్నారు. దానికి ఆంప్లిఫయరు మాత్రం రేడియో షాపు సత్యారావు పాత సామాన్లతో కట్టి ఇచ్చాడు. పల్చటి చెక్కపెట్టె, అందులో అప్పడమంత స్పీకరు, వెనక మూతైనా లేదు. గంభీరంగా పలకాల్సిన తీగ చాటలో చింతగింజలు పోసినట్టు గలగలమనేది. అయినా రెండేళ్లు దానితోనే సంతోషంగా సాధన చేసుకున్నారు.

డెబ్బై నాలుగులో, చెరుకు బళ్లు రోడ్డెక్కిన రోజుల్లో, గొడవ మొదలైంది. ఓ సాయంత్రం బంగార్రాజు మా ఇంటికొచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు. పార్టీ అతనిదే. పాడేదీ అతనే.

"కామేశం గారూ, ఏటీ అనుకోకండి. మీ బేసు పాటకి అతకట్లేదు. నేనోపక్కెళ్తంటే మీరోపక్కెళ్తన్నారు. రాంనవమికి వడ్డాదిలో ప్రోగ్రాం ఒప్పుకున్నాను. ఈలోగా సరయితే సరి. లేదంటే అనకాపల్లి గుంటడొకడు వస్తానంటన్నాడు."

మా ఆయన మొహం మాడిపోయింది. "నా వేళ్లు తప్పవయ్యా రాజూ. ఈ పెట్టె చవటది. నేనేం మీటుతున్నానో నాకే వినబడి చావదు. పెట్టె బాగుచేస్తాను, అప్పుడు విను."

అతను వెళ్లాక నేను ఊరుకోలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ బేసు పోతే ఆయనకి మిగిలేది తాలూకా ఆఫీసు ఒక్కటే. అది నాకూ తెలుసు.

సత్యారావు చెప్పిన సలహా సులువైనదే. "పెద్ద పెట్టె కావాలండి. దళసరి చెక్కయితే మరీ మంచిది. గాలి ఎక్కడా కారకూడదు." దళసరి చెక్క ఇంట్లో ఒక్కచోటే ఉంది. మా నాన్న చీడికాడలో పనసచెట్టు కొట్టించి, నా పెళ్లికి చేయించిన భోషాణం. ఆఫీసు నుంచి వచ్చీ రాగానే నా పట్టుచీరలన్నీ మంచం మీద పోసి, దాని ముందుపలక మీద అన్నం కంచం బోర్లించి గుండ్రంగా గీత గీశారు.

"ఇదేం పోయేకాలమండీ!"

"వీణలు పనసచెక్కతోనే చేస్తారే. మీ నాన్న తెలిసే చేయించేడు."

రంపం పెట్టి కోశారు. కోస్తున్నంతసేపూ తిట్టాను. సినిమా హాలువాళ్లు పారేసిన పెద్ద స్పీకరు సత్యారావు తెచ్చి బిగించాడు. లోపల కూరడానికి నా బూరుగుదూది తలగడ పోయింది. మీటి చూశారు. నాకైతే బాగుందనిపించింది. ఆ మాటే అన్నాను.

"నీకేం తెలుసే, కీచురాయివి. అడుగు మోత రావట్లేదు. ఎక్కడో గాలి కారుతోంది" అని మళ్లీ స్క్రూలు విప్పారు.

సందులు పూడ్చడానికి మా చోడవరం బుర్రకి తట్టేదేమిటి? బెల్లం. పాత మేడలు బెల్లం సున్నంతోనే నిలబడ్డాయని వాదించి, నల్లబెల్లం పాకంలో సున్నం కలిపి భోషాణం మూలమూలలా మెత్తారు. రాయిలా గట్టిపడింది. తెల్లారేసరికి వాకిట్లోంచి భోషాణం దాకా చీమల బారు. స్పీకరు కాగితం అంచంతా కొరికి పెట్టాయి. సత్యారావు చూసి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం చిరిగిన అంచు మీద నూలుగుడ్డ పేలిక అతికిస్తూ తలెత్తలేదు. ఆ వంగిన వీపు చూశాక నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఏటికొప్పాక వెళ్లి బొమ్మలకి పూసే లక్క తెచ్చారు. దాన్ని కరిగించి సందులు పూడుస్తుంటే బయట పెద్ద ఉరుము ఉరిమింది. "బట్టలు తడిసిపోతాయి, ఆ తాడు మీంచి కాస్త తియ్యండి" అన్నాను. "ఎందుకూ, మబ్బేదీ?" అన్నారు. పెట్టె ధ్యాసలో పడి వినలేదనుకున్నాను. అంతకుముందు నేను తిరగలి తిప్పితే సాధన పాడవుతోందని కేకలేసేవారు. ఆ యేడు అనడం మానేశారు. కోపం తగ్గిందని మురిసిపోయాను కూడా.

రాంనవమికి ముందొచ్చిన ఆదివారం పొద్దున్న లక్క ఆరింది. నేను వంటింట్లో కందిపప్పు ఏరుతున్నాను. ముందుగదిలో తీగ మీటారు.

నా కింద నేల గుర్రుమంది. చాటలో పప్పుబద్దలు కదిలాయి. గూట్లో గిన్నెల మీద మూతలు జరజరా జరిగాయి. రెండోసారి మీటేసరికి చూరు నుంచి మట్టి రాలింది. పెరటి గోడ అవతల నుంచి అప్పలనరసమ్మ, "ఏటమ్మా, భూకంపమేటి?" అని అరిచింది. ఇంత లావు, ఇంత మెత్తని మోత నేనెప్పుడూ వినలేదు. నా భోషాణమే పలుకుతోంది. మా నాన్న గుర్తొచ్చాడు. ఇన్నాళ్ల తిట్లూ మర్చిపోయి చాట వదిలేసి పరిగెత్తాను.

"వచ్చేసిందండీ! వచ్చేసింది!"

ఆయన పీట మీద కూర్చుని భోషాణానికి చెవి ఆనించి ఉన్నారు. చేతిలో స్క్రూడ్రైవరు.

"లాభం లేదే, వరాలూ. ఇంకా రావట్లేదు" అన్నారు.

అప్పుడే వంటింట్లో గూటి చివరికి జరిగిన పళ్లెం కిందపడి ఖంగుమంది. ఆ చప్పుడుకి ఆయన ఉలిక్కిపడి తల తిప్పారు. అది వినబడింది. మూతలన్నీ ఎందుకు చెదిరాయా అని గుమ్మంలోంచి చూశారు. తర్వాత భోషాణం మీదున్న మంచినీళ్ల చెంబు వైపు చూశారు. తీగ మీటారు. చెంబులో నీళ్లు వణికాయి. మళ్లీ మీటారు. మళ్లీ వణికాయి. పెట్టె మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచారు.

"ఇది పలుకుతోందా?" అని అడిగారు.

"పలుకుతోందండీ."

"ఎంత?"

"ఇల్లంతా."

ఆయన స్విచ్చి ఆపేసి, స్క్రూడ్రైవరు జాగ్రత్తగా డబ్బాలో పెట్టారు. ఆ జాగ్రత్త చూసి నేను గోడకేసి తిరిగి ఏడ్చాను.

విశాఖపట్నంలో చెవుల డాక్టరు నరం ఎండిపోతోందన్నాడు. ఇది అరుదైన రకమట, ముందు లావు శబ్దాలు పోతాయట, సన్నవి తర్వాత. మందు లేదట. బస్సులో తిరిగొస్తుంటే, "పోనీలేవే, నీ కీచుగొంతుంది కదా. దేవుడు తెలిసే కట్టబెట్టేడు" అని నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

రాంనవమికి భోషాణాన్ని ఆయనే వడ్డాది పంపించారు. తనూ వస్తానని పట్టుబట్టి నన్ను తీసుకెళ్లారు. ఆ అనకాపల్లి కుర్రాడే వాయించాడు. పాట అయ్యాక బంగార్రాజు దిగొచ్చి, "ఏటి సేసేరు బాబూ దీన్ని! తాలూకాలో ఇలాటి బేసు లేదు" అని చేతులు పట్టుకున్నాడు. అతని బొంగురుగొంతు ఆయనకి అందలేదు. నా వైపు చూశారు. నేను నా గొంతుతో ఆ మాట మళ్లీ చెప్పాను. తలాడించి, మిగిలిన ప్రోగ్రామంతా పందిరి పక్కన పెట్టె మీద చెయ్యేసి కూర్చున్నారు. నాకెందుకో పీనుగ దగ్గర కూర్చున్నట్టనిపించింది.

భోషాణం తిరిగి ఇంటికి రాలేదు. రానివ్వద్దన్నారు. నా చీరలు ఇప్పుడు మూటలో ఉంటున్నాయి. ఆ యేడాది గడిచి మళ్లీ చెరుకు బళ్లు వచ్చాయి. నిన్న మధ్యాహ్నం వడ్డన చేసి, "ఏవండీ, అన్నానికి రండి" అని పిలిచాను. ఆయన వాకిట్లో స్తంభానికి ఆనుకుని బళ్లు చూస్తున్నారు. గొంతెత్తి పిలిచాను. చెవిలో సూది దిగుతుందనేవారే, ఆ గొంతే. ఇంకా ఎత్తి పిలిచాను.

అప్పలనరసమ్మ గోడ మీంచి తల పెట్టి, "పిలిసేవేటమ్మా?" అంది.

"నిన్ను కాదమ్మా, ఈయన్ని" అన్నాను.

ఆయన అప్పటికీ తల తిప్పలేదు.