వీరవేణి గారింటి కిర్రు నేల

నేను ఒక నాటకాల వేదికని. ఇప్పుడు యోగా గదికి నేలగా ఉన్నంత మాత్రాన ఆ పేరు వదులుకోమంటే వదులుకోను. మండపేటలో ఒక నాటక సమాజం వారి హాల్లో పుట్టాను. ఒళ్లంతా టేకు కాబట్టి అడవిలో పుట్టానని మీరనవచ్చు. అదేమీ నాకు గుర్తులేదు. నాకు గుర్తున్న మొదటి సంగతి నా మీద పడిన శ్రీకృష్ణుడి కాలు. ఆ వేషం కట్టినాయన బరువు సామాన్యమైనది కాదు.

ఆ రోజుల్లో పద్యం బాగుంటే జనం "వన్స్‌మోర్!" అని అరిచేవారు. యుద్ధంలో చచ్చిపడినవాడు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేవాడు. ఆ దూకుళ్లకీ గదాయుద్ధాలకీ నా మేకులు వదులై, ఎక్కడ అడుగుపెడితే అక్కడ కిర్రుమనడం అలవాటైంది. ఇప్పుడీ గది గుమ్మం వైపున్న చెక్కలది బొంగురు గొంతు, మధ్య చెక్కలది కాస్త కీచు. నటులు విసుక్కునేవారు. నాకూ ఒక పాత్ర ఇచ్చారని నేను మురిసిపోయేదాన్ని.

తర్వాత ఆ హాలు ఫంక్షన్ హాలయింది. పాలరాయి వచ్చింది. నన్ను విప్పి పాత కలప అడితిలో గోడకి చేరేశారు. బెల్లం వండేవాళ్లు పొయ్యిలోకి బాగా పనికొస్తానని నన్ను తట్టి చూసి వెళ్లారు. భీముడి గదకి విరగనిదాన్ని, బెల్లం పాకం కింద బూడిదవుతానని దిగులు పడ్డాను. ఆ దిగుల్లో ఉండగా నూకరాజు గారు వచ్చారు.

ఆయన కరెంటాఫీసులో లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య వీరవేణి గారు మున్సిపల్ పార్కులో ఏళ్ల తరబడి ఊరి ఆడవాళ్లకు యోగా నేర్పారు. ఇప్పుడావిడకి చూపు బాగా మందగించింది. ఇక బాగుపడదని డాక్టర్లు చెప్పేశారు. పార్కు దాకా నడవలేని భార్య కోసం పెరట్లోనే యోగా గది కట్టాలని, అదీ ప్రకృతికి హాని లేకుండా కట్టాలని నూకరాజు గారి పట్టుదల. ఫోనులో వీడియోలు చూసి చూసి ఆయనకా పిచ్చి పట్టుకుంది. మట్టి ఇటుకలు, సున్నం పూత, పాత పెంకులు, పగలు లైటు అక్కర్లేని పెద్ద కిటికీలు, కింద నేను. అంతా బాగానే ఉంది. ప్లాస్టిక్ వద్దని తెప్పించిన వెదురు తెరలు మాత్రం ప్లాస్టిక్ కవరు మీద కవరు చుట్టుకుని వచ్చాయి. వాటిని విప్పుతూ ఆయన తిరిగిన మెలికలు ఏ ఆసనంలోనూ లేవు.

వీరవేణి గారు తొలిసారి లోపలికి అడుగుపెట్టగానే, ఇన్నేళ్లకు దొరికిన అవకాశం కదా, గొంతెత్తి కిర్రుమన్నాను.

"అమ్మో! ఏంటండీ అది, పందికొక్కా?" అంటూ ఆవిడ ఉలిక్కిపడ్డారు.

నూకరాజు గారి మొహం మాడిపోయింది. "ధ్యానం చేసుకునే చోట ఈ గోలేంట్రా అప్పన్నా?" అని వడ్రంగి మీద ఎగిరారు.

"పాత చెక్కండి బాబూ, దాని బుద్ధి ఎక్కడికి పోద్దండి," అంటూ అప్పన్న సందుల్లో ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. లాభం లేకపోయింది. నూకరాజు గారు కొబ్బరినూనె పోశారు. నా నోరు మూతపడలేదు గానీ, ఆయనే జారి చతికిలబడ్డారు. చివరికి అప్పన్న తేల్చేశాడు. "రేపొచ్చి పీకేత్తానండి. టైల్సేయించుకోండి. దీన్ని బెల్లం వండేవోళ్లకిచ్చేద్దారి."

మళ్లీ ఆ పొయ్యే! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వీరవేణి గారు నిదానంగా గోడ తడుముకుంటూ కూర్చున్నారు. "నేల సంగతి ఎందుకులెండి. ఎవరి మోకాలు వంగిందో, ఎవరి నడుం వాలిందో నాకు కనపడనప్పుడు ఏం నేర్పుతానండీ? తప్పు చేసినా భేషంటానా? మీరింత ఇష్టపడి కట్టారు కాబట్టి రేపొక్క రోజు చెబుతాను. ఆ తర్వాత మానేస్తాను."

నూకరాజు గారు నూనె గిన్నె పక్కన పెట్టి, నా మీద ఒలికిన నూనెని కండువాతో తుడవసాగారు. నా సంగతి మరిచిపోయి ఆయన కోసం ఏడ్చాను.

మర్నాడు పార్కు శిష్యురాళ్లందరూ వచ్చారు. వృక్షాసనం మొదలైంది. అంటే ఒంటికాలి మీద, చేతులు పైకెత్తి చెట్టులా నిలబడటం. గదిలో చడీచప్పుడు లేదు. కిటికీ పక్కనున్న బట్టలకొట్టు సుభాషిణి, టీచరు గారికి కనపడదులే అని, ఎత్తిన కాలు మెల్లగా కిందికి దించింది.

దొంగచాటుగా వేదిక ఎక్కేవాళ్లను ఎంతమందిని చూడలేదు నేను! కిర్రుమన్నాను.

వీరవేణి గారి తల చటుక్కున అటు తిరిగింది. "కిటికీ పక్కన ఎవరే కాలు దించేసింది?"

"అయ్యబాబోయ్, మీకు కనపడుతుందేంటండీ టీచరు గారూ!"

వీరవేణి గారు కళ్లు మూసుకుని చెవి నాకప్పగించారు. నేనూ ఏ చెక్కనీ ఊరుకోనివ్వలేదు.

"మధ్యలో ఉన్నది లక్ష్మీకాంతమేనా? నీ పాత అలవాటేగా, మడమ మీద బరువెయ్యకు. గుమ్మం దగ్గరావిడా, ఊగిపోతున్నావు, పొట్ట బిగించు."

అందరూ నోళ్లు తెరిచారు. వీరవేణి గారు నవ్వుతున్నారు, చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా. అంతలో అప్పన్న మేకులు పీకే కమ్మీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"దాని మీద చెయ్యేశావంటే ఊరుకోను!" అన్నారు నూకరాజు గారు, గుమ్మానికి అడ్డంగా నిలబడి. అప్పన్నకి ఏమీ అర్థం కాలేదు.

ఆఖరున శవాసనం వేయించారు. అందరూ నా మీద వెల్లకిలా పడి, కదలకుండా కళ్లు మూసుకున్నారు. నాకు పాత రోజుల యుద్ధరంగం గుర్తొచ్చి ప్రాణం హాయిగా ఉంది. ఇక తెర దించడమే అనుకున్నాను.

"లేవండే లేవండి," అన్నారు వీరవేణి గారు. "సుభాషిణి పుణ్యమా అని వృక్షాసనం పాడైపోయింది. వన్స్‌మోర్!"

చచ్చిపడినవాళ్లంతా నవ్వుకుంటూ లేచి నిలబడ్డారు.