పథ్యము విడిచిన పూట

శ్రావణమేఘములు బొబ్బిలికోట బురుజులపై వ్రాలి మధ్యాహ్నమునే మునిమాపు గావించుచుండగా, తడిసిన పనసకొయ్య పొట్టు కమ్మని వాసన వీథియంతయు నలముకొనుచుండగా, వీణలపనివాడు శరభాచారి తన నట్టింట చాపపై నొరిగి ముగియని వీణను జూచుచుండెను. కుండయు దండియు నొక్క మ్రానునుండి తొలిచి తీర్చిన యా వీణకు మేళము గట్టుట మాత్రమే మిగిలియుండెను. మైనముపై మెట్లను స్వరస్థానము దప్పక నిలుపు నా విద్య యా వీథిలో నతనికి దక్క నన్యులకు దెలియదు. తన చేయి యాడునంతకాలము మేళగాడు మైనమును మరియొకనిచే ముట్టింపరాదని వారి వంశాచారము. ఏండ్ల తరబడి ప్రక్కనే కూర్చుండి చెక్కిన తమ్ముడు నాగలింగమునకు సైతము నేర్పక "కార్తికమునకు లేచి నేనే కట్టెద"నని యతడు చెప్పుచుండెను.

కార్తికము వరకు నతడు బ్రదుకడు. తెలుగు నేర్చిన పరదేశపు వైద్యురాలు ముందునాడు పరీక్షించి, గడ్డ కాలేయమును మ్రింగివేసినదని యతని భార్య పేరిందేవిని చాటునకు బిలిచి చెప్పెను.

"రేపు మీ యింటికి వచ్చి యీ మాట నేనే యాయనకు జెప్పెదను. మా దేశమున రోగము రోగి సొత్తు. దానిని దాచు హక్కు మీకు లేదు."

"మీ దేశమువారు ఆ మాట విని మరునాడు అన్నము తినగలరేమో. ఈయన తినరు, దొరసానిగారూ."

"మరి మీరు చెప్పిన యా విద్యను తమ్మున కెప్పుడు నేర్పును?"

పేరిందేవి యింటిదారి పట్టెను. వీరిలో నెవరిది తప్పని నన్నడిగిన నేనును జెప్పజాలను. ఇరువురును శరభాచారి మేలే కోరిరి.

ఇంటికి వచ్చినది మొద లామె ఇరుగుపొరుగువారి గడ్డము పట్టుకొని బ్రతిమాలి యందరి నోళ్లును గట్టెను. మగనితో గడ్డ కరుగుచున్నదని నవ్వుచు జెప్పెను. నోటిని గట్టుకొనగలిగెను గాని పాప మామె చేతిని గట్టుకొనలేకపోయెను. వేసవి మొదలు కారమెరుగని బీరకాయకూరతో నెట్టుకొనివచ్చుచు గోంగూర యడిగిన ప్రతిసారియు గసరికొట్టిన యా యిల్లాలు మరునాటి మధ్యాహ్నపు పూట పచ్చిమిరపకాయలతో గోంగూర నూరి, నంజుకొనుటకు ఉల్లిపాయ వెట్టి, నువ్వులనూనె ధారగా బోసి విస్తరిలో వడ్డించెను.

శరభాచారి ముద్ద నోటికెత్తబోయి యాగెను.

"పథ్యము తీసివేసిరా?"

"ఒక్కపూటకు ఏమియు గాదని దొరసానిగారే చెప్పిరి" అని యామె నేలజూపులు జూచుచు బలికెను.

అతడు భార్యమొగమును, విస్తరిని, మరల భార్యమొగమును జూచెను. కడుపులోని నొప్పి కొంచెమును దగ్గలేదని యతనికొక్కనికే తెలియును. రోగము పోయినను పథ్యము విడుతురు, ఆశ పోయినను విడుతురు. విస్తరి ద్రోసి లేచునేమోయని పేరిందేవి యూపిరి బిగబట్టెను. అతడు ముద్ద మ్రింగి "ఉప్పు చాలలేదు" అనెను. మారు వడ్డించుకొని తినెను. గండము గడిచినదని యామె యంట్లగిన్నెలతో దొడ్డిలోనికి బోయెను.

అంతలో వాకిట గొడుగు కనబడెను. వైద్యురాలే యని యెరిగి పేరిందేవి తడిచేతులతో పరుగెత్తి వచ్చి గడప కడ్డముగా నిలిచెను. లోపలినుండి మాట వినబడెను.

"నాగలింగమా, కుంపటి రాజేసి మైనము కరగబెట్టుము."

"అన్నయ్యా, కార్తికమున నీవే కట్టెదనంటివి గదా."

"నీవు కట్టుము. నేను విందును."

చాలసేపటికి తీగ యొకటి మ్రోగెను. "స్వరము తగ్గినది. వెండ్రుకంత యీవలికి జరుపుము" అని శరభాచారి యనెను. నాగలింగము ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడెను. "ఏడ్చుచు శ్రుతి వినలేవు, తుడుచుకొనుము."

వైద్యురాలు గొంతు దగ్గించి "ఎవరు చెప్పిరి?" అని యడిగెను.

పేరిందేవి తన కుడిచేతిని జూచుకొనెను. ఎంత తోమినను గోంగూర వాసన పోలేదు.

"నేనే చెప్పితినమ్మా" అని గడపమీద గూలబడి, లోపలికి వినబడకుండ కొంగు నోట గ్రుక్కుకొని యేడ్చెను. పరదేశపు స్త్రీ గొడుగు ముడిచి యామె ప్రక్కనే కూర్చుండెను. లోపల మైనము బిగిసి, మెట్టు నిలిచి, మధ్యమము చక్కగా బలికెను.