కుట్లకు ముందు రెండు నిమిషాలు

నేను ఒక మత్తుమందు సీసాను. అరచేతిలో ఇమిడేంత ఒళ్లు, నెత్తిన రబ్బరు మూత. నాలోని మందు చర్మం కింద చేరితే ఆ మేరకు తిమ్మిరెక్కుతుంది, కుట్టు పడినా నొప్పి తెలియదు. ఫ్యాక్టరీలో నన్ను నింపి, అట్టపెట్టెలో సర్ది, విజయనగరం అవతల ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి పంపారు. కాన్పుల గదిలో అద్దాల అలమరలో పెట్టి తాళం వేశారు.

ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. అద్దానికి ఇవతల నేను, అవతల బల్ల మీద అప్పుడే బిడ్డను కన్న తల్లి. కాన్పులో చిరిగినచోట నర్సు కమలరత్నం మందేమీ ఇవ్వకుండానే కుట్టేసేది. ఆయా పైడమ్మ ఆ తల్లి మోకాళ్లు అదిమిపట్టి, "పిల్లనే కన్నావు, నాలుగు కుట్లకి ఏటయిపోతాదమ్మా?" అనేది. ఆ అరుపులు వింటూ, నన్ను తీయరా, నన్ను తీయరా అని లోలోపల కొట్టుకుపోయేదాన్ని. మనుషులు భలే పొదుపరులు. మందు దాచుకుంటారు, నొప్పి మాత్రం ధారాళంగా పంచిపెడతారు.

ఒకరోజు ఆ బల్ల మీదికి పైడమ్మ కూతురు ఈశ్వరి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. కమలరత్నం సూదికి దారం ఎక్కించింది. పైడమ్మ అలవాటుగా మోకాళ్లు పట్టుకుంది గానీ, అలవాటైన మాట నోట రాలేదు. అలమరలో మందుంది కదా అని నసిగింది. చిన్న చిరుగుకు అదెందుకు, పెద్దవాటికి ఉంచుకోవాలి, నన్నూ ఇలాగే కుట్టారు అంది నర్సు.

"మీకూ నొప్పెట్టింది గదమ్మా," అంది పైడమ్మ.

కమలరత్నం సూది పక్కన పెట్టింది. తర్వాత తాళంచెవి ఎక్కడుందో చూపించింది.

మందు ఎక్కించగానే కుట్టబోయింది నర్సు. పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టి, మునుపు ఇక్కడ పనిచేసిన డాక్టరమ్మ మందు పట్టేదాకా రెండు నిమిషాలు ఆగేదని గుర్తుచేసింది. ముగ్గురూ గోడ గడియారం చూస్తూ ఆగారు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఆ రెండు నిమిషాలే.

కుట్లు పడుతున్నంతసేపూ ఈశ్వరి బిడ్డ జుట్టు నిమురుతూ ఉంది. చివరికి, "ఎప్పుడు కుడతారమ్మా?" అని అడిగింది.

"అయిపోనాదే," అని పైడమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఆ తర్వాత మరో నలుగురు తల్లులకు సరిపోయాను. అంతకుముందు ఆ బల్ల ఎక్కినవాళ్లే నాకు గుర్తొస్తుంటారు. వాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లలో ఉన్నారో, ఒక్కసారి వెనక్కి పిలవగలిగితే ఎంత బాగుండు అనిపిస్తుంది. పైడమ్మకూ అంతే కాబోలు. ఖాళీ అయిన నన్ను చెత్తబుట్టలో వేయబోయి, కాసేపు అరచేతిలోనే ఉంచుకుంది.

"ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నావు గదే," అంది.