మీటల్లేని పెట్టె

శేషారత్నం వినియోగదారుల కోర్టులో నిలబడింది. అడగని పాటల సర్వీసు తగిలించి, ఫోను కంపెనీ ఆమె సిమ్ములో బ్యాలెన్సంతా మింగేసింది. దాంతో ఆ సిమ్ముకు ఫోన్లు రావడం ఆగిపోయి, పొలంలో మోటారు ఆడక, పూతమీదున్న మిరప తోట ఎండిపోయింది. కేసు పోతే ఆ నష్టం ఇచ్చే దిక్కులేదు.

“ఈ నంబరు మీదేనా పెద్దమ్మా?” అన్నాడు కంపెనీ వకీలు.

“నాదేనండి.”

“పాట కావాలంటే ఒకటి నొక్కమని మావాళ్లు ఫోన్ చేశారు. మీరు ఎత్తారు, నొక్కారు. రికార్డుంది. నొక్కి మర్చిపోయినట్టున్నారు.”

వెనక ఎవరో నవ్వారు. శేషారత్నం సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్లమీద పెట్టింది.

“ఆ సిమ్ము ఇందులో ఉందండి. ఇది మోటారు స్టార్టరుకు బిగించే పెట్టె. ఇంటికాడ నుంచి నేను ఫోన్ చేస్తే అదే ఎత్తి మోటారు ఏసిద్ది. ఎవురు చేసినా ఎత్తిద్ది. నొక్కటానికి దీనికి మీటలేయి?”

జడ్జి పెట్టెను తిప్పి తిప్పి చూసి, “మరి ఒకటి నొక్కిందెవరు?” అని వకీలును అడిగారు.

వకీలు కాగితాలు తిరగేసి, వాయిదా కావాలన్నాడు.

“నా తోట వాయిదా అడగలేదండి, ఎండిపోయింది,” అంది శేషారత్నం.

“జవాబు ఇప్పుడే చెప్పండి,” అన్నారు జడ్జి.