కోమలి టిప్పు తీసుకోదు

తిరుపతి మొత్తం గాలించినా అంత మొండి మనిషి దొరకదని పంకజాక్షమ్మ అంటూ ఉండేది. ఎవరి గురించో కాదు, కోమలి గురించే. అదీ ఆమె వెనకాల కాదు, మొహం మీదే. తలకు వేసిన రంగు ఆరుతూ ఉంటే అద్దంలో కోమలి కళ్ళలోకి చూస్తూ, "నీ అంత మొండిదాన్ని నేనీ వయసుకి యాడా చూడలేదు కదే!" అనేది. కోమలి నవ్వి ఊరుకునేది.

గొడవంతా టిప్పు దగ్గర. బైరాగిపట్టెడలో కోమలి నడిపే ఆడవాళ్ళ పార్లరులో అద్దం పక్కనే రేట్ల బోర్డు ఉంటుంది. దాని కింద ఎర్రక్షరాలతో, "ఇక్కడ టిప్పు తీసుకోము" అని రాసి ఉంటుంది. ఇంత చిన్న మాటకు జనం పడే అవస్థ చూడాలి! కొందరు హమ్మయ్య అనుకున్నారు. ఎంత ఇవ్వాలి, తక్కువిస్తే ఏమనుకుంటుందో, ఎక్కువిస్తే ఇంట్లో ఏమంటారో అనే బాధ వాళ్ళకు తప్పింది. కొందరికి మాత్రం ఆ బోర్డు పొగరుగా కనబడింది. ఒక డాక్టరుగారి భార్య తానిచ్చిన నోటును కోమలి వెనక్కి ఇచ్చేసిందని అలిగి రావడమే మానేసింది. చేతికింద పనిచేసే లోకేశ్వరి గోల సరేసరి. "అక్కా, పక్క వీధి పార్లర్లో పిల్లోళ్ళు టిప్పుల్తోనే చెవికమ్మలు కొనుక్కుంటాండారు. మనకేం పోయేకాలం?" అని సణిగేది. కోమలి రేట్లు కొంచెం పెంచింది, పెరిగిన దాంట్లోంచి లోకేశ్వరి జీతం పెంచింది. బోర్డు మాత్రం తీయలేదు.

పంకజాక్షమ్మ అంత తేలిగ్గా వదిలే రకమా? డెబ్భై దాటిన మనిషి. నగరిలో మగ్గాల బట్టల వ్యాపారం చేసిన ఇల్లు వాళ్ళది. ఇప్పుడు కొడుకు దామోదరంతో పాటు తిరుపతిలో ఉంటోంది. ఇవ్వడమంటే ఆమెకు చెప్పలేనంత సరదా. పాలవాడికి, ఆటోవాడికి, పూలమ్మికి, ఎవరికైనా అడిగినదానిపైన ఇంత వేసి ఇస్తేగాని ఆమెకు నిద్రపట్టదు. అలాంటి మనిషికి కోమలి ఒక్కతే కొరకరాని కొయ్యగా తయారైంది. ఒకసారి నోటు దువ్వెన కింద పెట్టి వెళ్ళింది, మరోసారి పౌడరు డబ్బా మూతలో కుక్కింది. ప్రతిసారీ కోమలి వెంటబడి, ఆమె ఆటో ఎక్కేలోపల నోటు చేతిలో పెట్టి వచ్చేసేది.

"తక్కువనా? ఎంతయితే తీసుకుంటావో నువ్వే చెప్పు," అని పంకజాక్షమ్మ ఒకనాడు నిలదీసింది.

"ఎంతయినా వద్దమ్మా. రంగుకు డబ్బులిచ్చినారు కదా, చాలు."

"మీ నాయన ఏనాడన్నా మా ఇంట్లో వద్దన్నాడా? సంతోషంగా తీసుకోని పొయ్యేవాడు!"

ఆ మాటకు కోమలి చేతిలో దువ్వెన ఒక్క క్షణం ఆగింది.

కోమలి తండ్రి సుందరరాజు నగరి దగ్గరి పల్లెలో క్షురకవృత్తి చేసినవాడు. పంకజాక్షమ్మ అత్తగారింట్లో మగవాళ్ళ గడ్డాలు, పసిబిడ్డల పుట్టువెంట్రుకలు, అన్నీ అతని చేతిమీదే జరిగాయి. పెళ్ళిళ్ళలో గోరు తీసే శాస్త్రం కూడా అతనిదే. పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, పాలలో ముంచిన గరికతో గోళ్ళు తాకి, కత్తెర కొసతో తీసినట్టు చేస్తాడు. అది జరక్కుండా మంగళస్నానం లేదు. జరిగాక చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి, నాణెమో నోటో పెళ్ళికూతురి తల చుట్టూ తిప్పి దిష్టి తీసి, అతను నేలమీద పరిచిన తువ్వాలులోకి విసురుతారు. ఎవరూ వంగరు. నిలబడే విసురుతారు. చిన్నప్పుడు పక్కకు దొర్లిన నాణేలను ఏరడం కోమలి పని. అలా ఏరుతూ ఉంటే ఒక పెళ్ళిలో ఎవరిదో మడమ ఆమె వేళ్ళ మీద పడింది. తొక్కినవాళ్ళు కిందికి చూడను కూడా లేదు. కింద పడింది ఇంక జన్మలో ఏరకూడదని ఆ పిల్ల ఆనాడే గట్టిగా అనుకుంది. ఎర్రక్షరాల బోర్డు వెనక ఉన్న కథ అదీ. కానీ ఇదంతా రంగు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పుకునే సంగతా?

ఇలా ఉండగా దామోదరం కూతురు రూపశ్రీకి పెళ్ళి కుదిరింది. తిరుచానూరులో కల్యాణమండపం మాట్లాడారు. పెళ్ళికూతురి జడ, అలంకారం కోమలే చేయాలని పంకజాక్షమ్మ హుకుం. కోమలి రేటు చెప్పింది. దామోదరం మారుమాట లేకుండా మొత్తం ఫోన్లోనే పంపేశాడు. అక్కడితో అయిపోతే బాగుండేది. పంకజాక్షమ్మ గోరు తీసే శాస్త్రానికి సుందరరాజును కూడా పిలిచింది.

పెళ్ళి ముందురోజు సాయంత్రం సుందరరాజు కూతురి ఇంట్లో కూర్చుని కత్తెర సానపట్టుకుంటూ కనిపించాడు.

"నువ్వు ఎందుకు నాయనా పొయ్యేది? నేను చూసుకుంటాండా కదా నిన్ను. నీకేం తక్కువైంది?" అంది కోమలి.

"డబ్బుకా నేను పోతాండేది? ఆ ఇంట్లో మూడు తరాల పెండ్లిండ్లకి గోరు తీసింది నేను. దామోదరానికి పుట్టువెంట్రుకలు తీసింది ఈ చేత్తోనే. నేను పోకుంటే ఆ బిడ్డ పెండ్లి ఎట్ల జరగతాది?" సుందరరాజు గొంతులో అంత గర్వం కోమలి ఎప్పుడూ వినలేదు. పోవద్దని చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. పనిలో తప్పేముంది? తప్పంతా నేలమీద పరిచే ఆ తువ్వాలులో ఉంది. దాని సంగతి ఏదో ఒకటి తేల్చాలని మాత్రం ఆ సాయంత్రమే అనుకుంది.

మరునాడు తెల్లవారేసరికి మండపంలో సందడి మొదలైంది. పసుపు పూసుకుని రూపశ్రీ పీట మీద కూర్చుంది. స్నానం కాగానే జడ మొదలుపెట్టాలి గనక కోమలి తన పెట్టె, సవరాలు, మల్లెమొగ్గల బుట్ట పట్టుకుని గుమ్మం దగ్గర కాచుకుని ఉంది. సుందరరాజు ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. గరికతో ఆ పిల్ల గోళ్ళను ఎంత మెల్లగా తాకాడంటే, రూపశ్రీ చక్కిలిగింతకు నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. చూడముచ్చటగా ఉంది. పని ముగించి అతను నాలుగడుగులు వెనక్కి జరిగాడు. భుజం మీది తువ్వాలు తీసి నేలమీద పరిచి, దాని వెనక గొంతుక్కూర్చున్నాడు.

నాణేలు పడటం మొదలైంది. పెళ్ళికూతురి మేనమామ కొడుకు నవీన్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. రెండో చేత్తో నాణెం తిప్పి, "తాతా, ఇటు చూడు, క్యాచ్!" అంటూ అంత దూరంనుంచి విసిరాడు. అది సూటిగా వెళ్ళి సుందరరాజు నుదుటికి తగిలి కింద పడింది. అందరూ గొల్లుమన్నారు. నుదురు రుద్దుకుంటూ సుందరరాజు కూడా నవ్వాడు.

ఆయన కూడా నవ్వడం! నాణెం తగిలినందుకు కూడా కోమలికి అంత బాధ కలగలేదు. పెట్టె కింద పెట్టి, చక్కా నడిచి వెళ్ళి, తువ్వాలు నాలుగు కొసలూ కలిపి ఎత్తింది. మూటను తీసుకెళ్ళి దామోదరం చేతిలో పెట్టింది.

"అన్నా, ఇవి మీయి. మీ దగ్గరే పెట్టుకోండి."

మొదట నోరు విప్పింది పంకజాక్షమ్మే. "ఏమ్మే, నీకేమన్నా పిచ్చి పట్టిందా? శుభమా అని పెండ్లి జరగతా ఉంటే ఏందిది? దిష్టి తీసిన డబ్బు అట్లనే ఏస్తారు. చేతికియ్యరు. ఇది మీ నాయనకి తెల్దా?"

"దిష్టి మీదమ్మా, పని మా నాయనది. పనికిచ్చే డబ్బులో దిష్టి కలపొద్దండి."

ముహూర్తానికి ఎక్కడ ఆలస్యమవుతుందోనని దామోదరానికి చెమటలు పట్టాయి. "ఇబ్బంది పెట్టొద్దు కోమలీ. ఎంత గావాలో చెప్పు, దానికన్నా జాస్తిగానే ఇస్తాను."

"ఎంత అని నేను అడగలేదన్నా. ఎప్పుడూ అందరూ ఎంత అనే అడగతారు. ఎట్ల ఇస్తారని నేను అడగతాండా." పెళ్ళి చేయించే అయ్యవారికని వేసిన పీట వైపు కోమలి చెయ్యి చూపింది. "అయ్యవారికి దక్షిణ ఎట్లిస్తారు? పీటేసి, తాంబూలంలో పెట్టి, రెండు చేతుల్తో ఇస్తారు కదా. ఆయన మంత్రం లేకుంటే పెండ్లి కాదంటారు. మా నాయన గోరు తీయకుంటే పెండ్లికూతురికి స్నానమే లేదనేది కూడా మీరే. మరి ఆయనకి చేతికిచ్చి, ఈయనకి నేలకేస్తారెందుకు?"

"కోమలీ, గమ్మునుండు!" సుందరరాజు లేచి నిలబడ్డాడు. పాపం, అతని మొహం పాలిపోయింది. "పెద్దోళ్ళ ముందర ఏం మాటలవి? నాకేం బాధ లేదు తల్లీ."

"నాకుండాది నాయనా."

వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "జడేసే దానికి ఎంత నోరో సూడు! ఇప్పుడు జడ వెయ్యనని బెదిరిస్తాదేమో," అంది.

కోమలి అటు తిరిగింది. "జడకేం భయం లేదక్కా. దానికి డబ్బులు తీసుకున్నాను. మీరు మా నాయనకి ఇచ్చినా ఇయ్యకపోయినా, రూపశ్రీ జడని అందరూ వెనక్కి తిరిగి చూసేట్టు వేస్తా. బెదిరించేదానికి రాలేదు. అడిగేదానికి వచ్చినాను. ఈరోజు అడక్కపోతే ఇంక నేనెప్పుడూ అడగలేను."

పంకజాక్షమ్మకు ఒళ్ళు మండిపోతోంది. తన మనవరాలి పెళ్ళిలో, తన చుట్టాలందరి ముందు, తాను పిలిపించిన పిల్ల తననే నిలదీసింది. గట్టిగా నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచింది కూడా. అంతలో ఆమె చూపు సుందరరాజు మీద పడింది. అతని నుదుటి మీద నాణెం తగిలినచోట చిన్నగా ఎర్రబడి ఉంది. తన ఇంట్లో పసిబిడ్డల తలలు ఒళ్ళో పెట్టుకుని చిన్న గాటైనా పడకుండా పుట్టువెంట్రుకలు తీసిన మనిషి. అతనికి ఎన్నోసార్లు ఎంతో ఇచ్చింది తను. ధాన్యం ఇచ్చింది, పంచెలిచ్చింది, డబ్బిచ్చింది. ధాన్యం చాటలోంచి అతని గోనెలోకి పోసింది, పంచెలు అరుగు మీద పెట్టింది, డబ్బు తువ్వాలులోకి విసిరింది. చేతికిచ్చింది ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుకు కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

"దామూ, పీట తీసుకురా," అంది.

"ఈడ పెండ్లికూతురిది కాక వేరే పీట లేదమ్మా. అయ్యవారికని వేసింది ఒక్కటే ఉండాది."

"అదే తే."

చుట్టాల్లో గుసగుసలు లేచాయి. పంకజాక్షమ్మ అవేవీ చెవిలో వేసుకోలేదు. దామోదరం పీట తెచ్చి వేశాడు. సుందరరాజు కూర్చోనంటే కూర్చోనన్నాడు. "నాకొద్దమ్మయ్యా, ఈడ నేలే బాగుండాది," అని రెండు చేతులూ జోడించాడు. కోమలి వెళ్ళి అతని భుజం మీద చేయి వేసింది. కూతురి మొహం చూసి అతను మెల్లగా పీట అంచున కూర్చున్నాడు, ఎవరైనా లెమ్మంటే వెంటనే లేవడానికి సిద్ధంగా.

పంకజాక్షమ్మ తాంబూలాల పళ్ళెంలోంచి తమలపాకులు, వక్కలు, జరీపంచె తీసి, వాటి మీద దక్షిణ పెట్టింది. అన్నీ రెండు చేతులతో పట్టుకుని అతని ముందుకు వచ్చి నిలబడింది.

సుందరరాజు చేతులు గాలిలోకి లేచి ఆగిపోయాయి. భుజం తడుముకున్నాడు, తువ్వాలు లేదు. కట్టుకున్న పంచె కొంగు లాగి ఒడి పట్టబోయాడు.

"చేతులు నాయనా," అంది కోమలి.

అతను కొంగు వదిలేశాడు. అరచేతులు రెండూ పంచెకు తుడుచుకుని ముందుకు చాచాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టాలా, ఒకదాని మీద ఒకటా, ఎంత ఎత్తున పట్టాలో తెలియలేదు. కూతురి వైపు తిరిగి, అందరికీ వినబడకుండా అడిగాననుకున్నాడు గానీ, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది.

"ఎట్ల పట్టుకోవాల బిడ్డా?"

అంతసేపూ అంతమందిని ఎదిరించి నిలబడిన కోమలి ఆ ఒక్క ప్రశ్నకు కుదేలైపోయింది. జవాబు చెప్పింది పంకజాక్షమ్మే. నడుం నొప్పిని కూడా లెక్కచేయకుండా వంగి, తాంబూలం అతని కుడిచేతిలో పెట్టి, ఎడమచేతిని తానే పట్టుకుని దాని కిందికి తెచ్చి ఆనించింది.

"ఇట్ల, సుందరరాజూ," అంది. "నీ చేతికిచ్చేది నాకూ ఇదే మొదలు."