కంచెలో కంత

ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి వీరరాఘవులు హాలు తాళం తీస్తాడు. ముందు హీటర్ వేస్తాడు, కాఫీ పాత్రలో నీళ్ళు పోస్తాడు, ముప్పై కుర్చీలు వరసలుగా వేస్తాడు. ఆఖరున చిన్న నిచ్చెన ఎక్కి గోడమీది పొట్టేలు ముక్కుని తడిగుడ్డతో తుడుస్తాడు. తుడిస్తే దానికి దగ్గు తగ్గుతుందని ఆశ. తొమ్మిదేళ్ళుగా తుడుస్తూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా తగ్గలేదు.

హాలు కాల్గరీకి గంటంపావు దూరంలో, కొండలు మొదలయ్యే చోట ఉంది. అది వేటగాళ్ళ క్లబ్బు. కొండగొర్రెల్ని వేటాడేవాళ్ళే వాటిని కాపాడతారంటే కాల్గరీ తెలుగువాళ్ళు మొదట్లో నవ్వారు, పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టుందన్నారు. నిజానికి వేట ఏడాదిలో రెండు నెలలే, అదీ లైసెన్సు ఉన్నవాడికే. మిగతా పది నెలలూ జీతం భత్యం లేని చాకిరీ. మంచులో నిలబడి స్కోపులో గొర్రెల్ని లెక్కపెట్టాలి, చచ్చినవాటి ముక్కులోంచి శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాలి, పెంపుడు గొర్రెలు కొండవైపు రాకుండా చూడమని రైతుల్ని బతిమాలాలి. ఈ చాకిరీకి ఆరేళ్ళుగా ప్రెసిడెంట్ వీరరాఘవులు. పైప్‌లైన్ ఇంజనీరుగా రిటైరైన అరవైఏడేళ్ళ కనిగిరి మనిషి. తుపాకీ ఉంది గానీ ఇంతవరకూ ఒక్క జంతువునీ కొట్టలేదు. అలాంటివాణ్ణి వేటగాళ్ళు మూడుసార్లు పోటీ లేకుండా ఎన్నుకున్నారంటే అతని ఓపిక ఎలాంటిదో తెలుస్తుంది.

గోడమీది పొట్టేలు కూడా వేటలో కొట్టింది కాదు. తొమ్మిదేళ్ళ కిందట చలికాలంలో కొండమీద న్యుమోనియా పడింది. అరవైనాలుగు గొర్రెల మందలో పందొమ్మిది మిగిలాయి. మొట్టమొదట చచ్చింది ఈ పొట్టేలే. కొమ్ముమీద పదకొండు వలయాలున్నాయి, అంటే పదకొండేళ్ళు బతికిందన్నమాట. ఆ చలికాలం ఎవరూ మర్చిపోకూడదని క్లబ్బువాళ్ళు దాని తలని భద్రం చేయించి గోడకి పెట్టించారు.

పెట్టిన నెలలోనే అది దగ్గడం మొదలుపెట్టింది. పొడిదగ్గు, జంటగా రెండు, ఆ వెనక చిన్న గురక. ఎవరూ వింతపడలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయిన జీవం కదా, అలవాటు ఎక్కడికి పోతుందన్నారు. ప్రెసిడెంటు కుర్చీకి సరిగ్గా నెత్తిమీద ఉంటుంది కాబట్టి దానికి చైర్మన్ అని పేరు పెట్టారు. సెక్రటరీ చరిత కాల్గరీలోనే పుట్టి పెరిగిన పిల్ల, వేటకీ లెక్కకీ కూడా ముందుంటుంది. ఆమె మినిట్స్‌లో ప్రతిసారీ 'చైర్మన్ రెండుసార్లు దగ్గారు' అని శ్రద్ధగా రాసుకుంటుంది.

అది ఎప్పుడుపడితే అప్పుడు దగ్గదు. మీటింగులో మొదటినుంచీ రాఘవులే చదివే గొర్రెల రిపోర్టులో పెన్నర్ మాట వచ్చినప్పుడే దగ్గుతుంది.

పెన్నర్ గొర్రెల ఫారం కొండకి తూర్పున ఉండేది. కొండమీది జబ్బు పెంపుడు గొర్రెలనుంచి అంటుకున్నదని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. చుట్టుపక్కల ముప్పై కిలోమీటర్లలో గొర్రెలున్నవాడు పెన్నర్ ఒక్కడే. తన కంచె దాటి ఒక్క గొర్రె కూడా పోలేదని అతను మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. కాఫీ షాపులో అతను కూర్చుంటే పక్క టేబులువాళ్ళు లేచి వెళ్ళేవారు. ఎండాకాలం రాకముందే మంద మొత్తం అమ్మేశాడు. అయినా క్లబ్బు మీటింగు ఒక్కటీ మానడు. వెనక వరసలో టోపీ మోకాలిమీద పెట్టుకుని కూర్చుంటాడు, ఆ నెల కొండమీద ఎన్ని గొర్రెలు కనబడ్డాయో వింటాడు, కాఫీ తాగి వెళ్ళిపోతాడు. అతన్ని చూసి పొట్టేలు దగ్గుతుందనీ, తన చావుకి కారకుడెవరో దానికి తెలుసుననీ క్లబ్బులో అందరి నమ్మకం.

ఆరేళ్ళ కిందట, రాఘవులు మొదటిసారి ప్రెసిడెంట్ అయినప్పుడు, భార్య బేబీ పులిహోర చేసుకుని మీటింగుకి వచ్చింది. తిరుగు ప్రయాణంలో కారు తనే నడిపాడు రాఘవులు. టోల్‌గేట్లు లేని ఆ పొడుగాటి రోడ్డుమీద ఒకచోట బేబీ అంది.

"అది ఆయన పేరుకి దగ్గట్లేదండీ. మీరు ఆ పేరెత్తితే దగ్గుతోంది."

రాఘవులు రేడియో పెట్టాడు. ఆ మాట మళ్ళీ వాళ్ళిద్దరి మధ్యా రాలేదు. రావలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఫోటో సంగతి బేబీకి తెలుసు.

అది పొట్టేలు చచ్చిన ఏడాదే, సెప్టెంబరులో తెలుగువాళ్ళ వనభోజనాలప్పటి సంగతి. అప్పటికి రాఘవులు క్లబ్బులో చేరి మూడు నెలలైంది. రెండువందల మందికి మాంసం వండించే బాధ్యత తను తీసుకున్నాడు. ఫ్రీజర్ మాంసం వండితే కనిగిరివాడి పరువేం కాను, తెల్లవారుజామున కోసింది మధ్యాహ్నానికి పొయ్యి ఎక్కాలి. అందుకని ముందురోజు పెన్నర్ దగ్గర ఆరు గొర్రెల్ని కొన్నాడు. ఇక్కడే కోసుకువెళ్ళమని పెన్నర్ చెప్పాడు. రాఘవులు నవ్వి, మా ఊళ్ళో నేను జీవాల మధ్యే పెరిగాను, నాకు అలవాటేనని వాటిని ట్రక్కెక్కించి, కొండ మొదట్లో ఉన్న క్లబ్బు క్యాబిన్ దగ్గర సాయంత్రం తన చేత్తోనే కట్టాడు.

పొద్దున్న చూస్తే అయిదే ఉన్నాయి. తాడు పట్టుకుని వాలు ఎక్కుతూ వెతికాడు. ఆరో గొర్రె బండలమధ్య పచ్చికలో నిలబడి ఉంది. దాని చుట్టూ ఏడెనిమిది కొండగొర్రెలు. ఒక పిల్ల ముందుకొచ్చి దాని ముక్కుకి ముక్కు ఆనించి వాసన చూస్తోంది. కొంచెం ఎడంగా, పెద్ద కొమ్ములున్న పొట్టేలొకటి తన వంతు కోసం నిలుచున్నట్టు నిలుచుంది. ఎండ అప్పుడే పడుతోంది. రాఘవులుకి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. కాసేపటికి గొర్రె తనంతట తనే దిగొచ్చింది. మధ్యాహ్నం భోజనాల్లో మాంసం బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఫోటో బేబీకి చూపించి, చుట్టాలొచ్చారని పలకరిస్తున్నాయి చూడు అన్నాడు.

డిసెంబరులో క్లబ్బువాళ్ళు కొత్త సభ్యులకి క్లాసు పెట్టారు. పెంపుడు గొర్రె, కొండగొర్రె ముక్కూ ముక్కూ తగిలితే చాలు, మంద మంద తుడిచిపెట్టుకుపోతుందని స్లైడు వేసి చూపించారు. రాఘవులు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ శనివారమే కొండమీద మొదటి పొట్టేలు చచ్చి కనబడింది.

అప్పుడే చెప్పి ఉంటే పోయేది. రేపు చెబుదామనుకున్నాడు, ఈలోగా అందరూ పెన్నర్ అన్నారు. పెన్నర్ మంద అమ్మేశాక చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్పలేనిదంతా పనిగా మార్చుకున్నాడు. ప్రతి శనివారం స్కోపు భుజాన వేసుకుని కొండెక్కాడు. కళేబరాలు మోశాడు. స్కూళ్ళలో పాఠాలు చెప్పాడు. మెచ్చుకున్న ప్రతిసారీ లోపల కుచించుకుపోయాడు. ఫోన్లు నాలుగు మార్చాడు గానీ ఫోటోని చెరపలేకపోయాడు.

ఈ ఏడు ఏప్రిల్లో పెన్నర్ ఒక అర్జీ పెట్టాడు. మనవరాలు చదువు ముగించి ఫారానికి వచ్చేసింది, మళ్ళీ నలభై గొర్రెలు పెంచుతాం, పర్మిషన్ ఇవ్వమని కౌంటీకి రాశాడు. కొండ దగ్గర గొర్రెల విషయమైతే కౌంటీవాళ్ళు క్లబ్బు మాట కాదనరు. కంచె నిలబెట్టుకోలేని మనిషికి పర్మిషన్ ఇవ్వొద్దని ఉత్తరం రాయాలని క్లబ్బులో తీర్మానం తయారైంది. దాన్ని ప్రెసిడెంటే చదవాలి. పెన్నర్‌కి డెబ్భైనాలుగేళ్ళు. ఈసారి కాదంటే ఇంక ఫారం లేనట్టే.

మీటింగుకి ముందు రెండురోజులూ రాఘవులు కొండమీద గాలిలో గొర్రెల లెక్కలోనే ఉన్నాడు. ఇరవైఏడు తేలాయి. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. వార్షిక సమావేశం కాబట్టి బేబీ పులిహోరతో వచ్చింది. పెన్నర్ వెనక వరసలో ఉన్నాడు. తీర్మానం కాగితం తీసి రాఘవులు నోరు తెరిచేసరికి మాట పెగల్లేదు.

"అంకుల్, మీ వాయిస్ అస్సలు బాలేదు. నేను చదివేస్తా, ఇవ్వండి," అంది చరిత.

ఆమె నిలబడి గట్టిగా చదివింది. మొదటి వాక్యంలోనే పెన్నర్ పేరుంది. చదువుతూ అలవాటుకొద్దీ ఆగింది, చైర్మన్ దగ్గు పూర్తయితే రాసుకుని ముందుకు పోదామని. దగ్గు రాలేదు. మళ్ళీ చదివింది. రెండో వాక్యంలో పేరు వచ్చింది, మూడో దాంట్లో వచ్చింది. పొట్టేలు కళ్ళు తెరుచుకుని ఊరికే ఉంది. హాల్లో తలలన్నీ పైకి లేచాయి. ముందు వరసలో ఒక ముసలి వేటగాడు, పాపం దానికీ వయసైపోయిందన్నాడు. కొందరు తలూపారు. ఓటింగ్ పెట్టమన్నారు.

రాఘవులుకి ఒక్క సంగతి బాగా అర్థమైంది. ఇక్కడ ఎవరికీ తనమీద అనుమానం లేదు, ఎప్పటికీ రాదు. చెయ్యెత్తి కూర్చుంటే చాలు. ఆ తేలికకే అతనికి భయం వేసింది. బేబీ వైపు చూశాడు. ఆమె పులిహోర గిన్నె మూతని రెండు చేతులతో పట్టుకుని అతన్నే చూస్తోంది. లేచి నిలబడ్డాడు.

"పెన్నర్ గొర్రెలు కంచె దాటలేదు," అన్నాడు.

నెత్తిమీద పొట్టేలు దగ్గింది. రెండు దగ్గులు, ఒక గురక.

ఆ పైన అతను చెప్పిన ప్రతి వాక్యానికీ అది దగ్గింది. వనభోజనాలకీ దగ్గింది, ట్రక్కుకీ దగ్గింది, తాడుకీ దగ్గింది. ఆ ముడి నా చేత్తో నేను వేసిందేనని అన్నప్పుడు చాలాసేపు ఆగకుండా దగ్గింది. అతనూ ఆగాడు, అది ఊపిరి తిప్పుకున్నాక మళ్ళీ చెప్పాడు. చెప్పడం అయిపోయాక ఫోటో తీసి ఫోన్ని బల్లమీద పెట్టాడు. చరిత చూసి, పెన్ను కింద పెట్టేసి, మొహం తిప్పుకుంది. తనకి గొర్రెల్ని లెక్కపెట్టడం నేర్పింది ఈ మనిషే.

పెన్నర్ వెనకనుంచి నడిచొచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ చెవికి నీలం ట్యాగు, నాదేనన్నాడు. ఫోటోని ఎంతసేపు చూశాడో ఎవరూ లెక్కపెట్టలేదు.

"తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే కంచె చుట్టూ తిరుగుతున్నాను. నాలుగు కిలోమీటర్లు. గొర్రెలు లేకపోయినా తిరుగుతున్నాను," అన్నాడు. "ఎక్కడో కంత ఉంటుందని. మీరందరూ అన్నారు కదా, ఉండే ఉంటుందనుకున్నాను."

ఫోన్ని బల్లమీద జాగ్రత్తగా పెట్టాడు.

"కంత లేదన్నమాట."

రాఘవులు చెయ్యి చాపితే అందుకోలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని వెనకే తలుపు మూసుకున్నాక కూడా హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేకపోయారు. కాఫీ షాపులో లేచి వెళ్ళిన పక్క టేబులువాళ్ళంతా అక్కడే ఉన్నారు మరి.

తీర్మానం వీగిపోయింది. రాఘవులు రాజీనామా ఇచ్చాడు, ఎవరూ వద్దనలేదు. చరితని ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. కుర్చీలన్నీ మడిచి పెట్టి, తాళంచెవి ఆమె చేతికిచ్చి కారెక్కాడు. కాల్గరీ దారిలో సగం దూరం వచ్చాక దగ్గు వచ్చింది. జంటగా రెండు, ఆ వెనక చిన్న గురక. బేబీ చెయ్యి చాపి అతని గుండెమీద పెట్టింది, ఇంటికెళ్ళాక మిరియాల కషాయం కాచి ఇచ్చింది. డాక్టరు ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. హాల్లో చైర్మన్ ఆ తర్వాత ఎప్పుడూ దగ్గలేదు. చరిత మాత్రం నెలనెలా నిచ్చెనెక్కి ముక్కు తుడుస్తూనే ఉంది.

జూన్‌లో పెన్నర్ ఫారానికి నలభై గొర్రెలొచ్చాయి. రాఘవులు పిలవకుండానే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. పెన్నర్ పలకరించలేదు గానీ, కొత్త తీగచుట్ట ఉన్న వైపు గడ్డంతో చూపించాడు. ఉన్న కంచెకి బయట రెండో కంచె వేయాలి. ఇద్దరూ వేసవంతా గుంజలు పాతారు. పనికి కావలసినంతే మాట్లాడుకున్నారు.

సెప్టెంబరులో ఒక ఉదయం కొండగొర్రెలు పిల్లలతో సహా వాలు దిగి కంచె వైపు వచ్చాయి. లోపల నలభై గొర్రెలూ తలలెత్తి చూశాయి. మధ్య దూరం వంద అడుగులుంటుంది. పెన్నర్ చేతిలోంచి సుత్తి జారింది. రాఘవులుకి అప్పుడే దగ్గు వచ్చింది. ఎప్పటిలాగే రెండు దగ్గులు, ఒక గురక. ముందు నడుస్తున్న ముసలి గొర్రె ఉన్నచోటే ఆగింది. ఆ దగ్గుని అది ఆ చలికాలంనుంచీ ఎరుగును. మెడ తిప్పి కొండ ఎక్కడం మొదలుపెట్టింది, పిల్లలన్నీ దాని వెంట పరిగెత్తాయి.

పెన్నర్ చాలాసేపు కొండవైపే చూశాడు. తర్వాత సుత్తి వంగి తీసుకున్నాడు.

"రేపటినుంచి కంచె చుట్టూ నువ్వు తిరుగు," అన్నాడు. "నా కాళ్ళు అలిసిపోయాయి."

కాల్గరీ ఇల్లు అమ్మేసి రాఘవులూ బేబీ ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉంటున్నారు. రోజూ పొద్దున్నే, మంచు పడినా మానకుండా, అతను మఫ్లర్ బిగించుకుని నాలుగు కిలోమీటర్లూ నడుస్తాడు. దగ్గు వచ్చిన చోట ఆగి, కొండమీద గొర్రెలు పైకి జరిగేదాకా చూసి, మళ్ళీ కదులుతాడు. ఎక్కడా కంత లేదని అతనికి తెలుసు. అయినా చేతితొడుగు తీసి తీగని అడుగడుగునా తడుముకుంటూ వెళతాడు.