పెద్దావిడ పెట్టిన గుడ్లు

కట్టుడు పళ్ల సెట్లు చేసే ఆయనకు ప్రాణమున్న వాటితో పేచీ పెట్టుకోవడం ఇష్టం ఉండదు. ముప్పై ఏళ్లుగా ఆయన చేతికి వచ్చేవి మైనం, ప్లాస్టరు, డాక్టర్లు పంపే నోటి అచ్చులు. అవి కదలవు, మెదలవు, ఆకలి అనవు. అలాంటి మనిషి ఇంటి ముందు గదిలో ఒకరోజు ఒక గాజు ట్యాంకు వెలిసింది. అందులో పది చిన్న చేపలు, నిమ్మకాయంత పసుపు నత్త ఒకటి.

ట్యాంకు బావమరిదిది. లిఫ్టులు బిగించే పని మీద అతను ఐదు వారాలు వేరే ఊరు వెళ్తూ అక్కకు అప్పజెప్పాడు. బావకు చెప్పలేదు. ఇద్దరికీ మాటలు తగ్గి రెండేళ్లయింది. అతను మూడో ఉద్యోగం కూడా మానేసి వచ్చిన రోజున, అందరూ భోజనాల దగ్గర ఉండగా, "వీడి చేతిలో కుండీ మొక్క పెట్టినా ఎండగడతాడు" అనేశాడు ఈయన. బావమరిది తలొంచుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అక్కను చూడటానికి వచ్చినా బావ ఇంట్లో లేని వేళ చూసుకునే వచ్చేవాడు.

"నాకు పొద్దున్నే స్కూలు, పిల్లల పేపర్లు. మీరు ఇంట్లోనే పని చేసుకుంటారుగా, ఓ కన్నేసి ఉంచండి" అంది భార్య.

గాజుకు ఒక కాగితం అంటించి ఉంది. నీళ్లు మూతకు నాలుగు వేళ్లు కింద ఉండాలి. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చాలి. రెండు రోజులకోసారి ఉడికించిన కీరా ముక్క వెయ్యాలి. చేపలకు జబ్బు చేసినా రాగి కలిసిన మందు మాత్రం వెయ్యకూడదు, నత్త చచ్చిపోతుంది. అన్నిటికీ కింద: "పెద్దావిడ తలుపేసుకుని పడుకుంటే కంగారు పడొద్దు."

రెండో రోజే పెద్దావిడ, అంటే ఆ నత్త, గుల్ల మూసుకుని తలుపేసుకుంది. ట్యాంకు అడుగున రాయిలా పడి ఉంది. మధ్యాహ్నమైనా కదల్లేదు.

"పోయినట్టుంది" అన్నాడాయన, భార్య బడి నుంచి రాగానే.

"చచ్చిన నత్త వాసన వీధి చివరికి కొడుతుందట. తమ్ముడు చెప్పాడు. తీసి చూడండి."

ఆయన గరిటెతో పైకి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చెరువు నీళ్ల వాసన తప్ప మరేం లేదు. తిరిగి వదిలేశాడు. సాయంత్రానికి పెద్దావిడ గాజు మీద సగం దూరం ఎక్కి, గొట్టంలాంటి ముక్కును నీటి పైకి చాచి గాలి పీలుస్తోంది. ఆయన కుర్చీ లాక్కుని కాసేపు అలాగే చూశాడు.

రెండో వారం మూత తీస్తే లోపలివైపున, నీటికి పైన, లేత గులాబీ రంగు ముద్ద ఒకటి అంటుకుని ఉంది. బూజు అనుకున్నాడు. మురికి అంటే ఆయనకు సరిపడదు. మైనం చెక్కే కత్తితో అడుగు నుంచి మెల్లగా లేపి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాడు.

కత్తి కడగబోతూ మొనకు అంటిన తునకను అలవాటుకొద్దీ భూతద్దం కింద పెట్టాడు. చిన్న చిన్న గుండ్లు, అన్నీ ఒకే కొలత, పక్కపక్కన పేర్చినట్టు ఉన్నాయి. బూజుకు అంత వరస ఉండదు. పళ్ల వరసలు చూసి చూసి ఆరితేరిన కన్ను అవి గుడ్లని పోల్చుకుంది. చెత్తబుట్టలోంచి పొట్లం తీసి, మైనం డబ్బాలో పెట్టుకుని, చెప్పులేసుకుని బయల్దేరాడు.

రెండు వీధుల అవతల అలంకార చేపలమ్మే కొట్టు ఉంది. కొట్టావిడ డబ్బా మూత తీసి చూసింది.

"ఎక్కడ దొరికింది? నీళ్లలోనా, పైనా?"

"పైన. మూతకి. లోపల పెద్ద నత్త ఒకటుంది."

"అయితే ఇవి మీ పెద్ద నత్తవే. మొక్కలతో పాటు వచ్చిపడే పిచ్చి నత్తలైతే నీళ్లలోనే, ఆకుల అడుగున జిగురుగా పెడతాయి."

"కానీ ఒంటిది కదండీ అది."

"ఇదివరకెప్పుడో జోడు కలిసుంటుంది. నెలల తర్వాత కూడా పెడతాయి." ఆవిడ ముద్దను వేలితో తాకి చూసింది. "గట్టిపడ్డాకే ఊడదీశారు, అదృష్టం. నీళ్లలో మునిగితే పోతాయి, ఎండినా పోతాయి. తడి కాగితం మీద పెట్టి, డబ్బాను ట్యాంకులో తేలనివ్వండి. రెండు మూడు వారాలు చూడండి."

"ట్యాంకులో పిచ్చివి కూడా ఉంటే, పిల్లలొచ్చాక ఏవి ఏవో తెలిసేదెలా?"

ఆవిడ ఒక ఖాళీ గుల్ల తీసి, మొన పైకి, నోరు ఆయన వైపుకి తిప్పి పట్టుకుంది. "నోరు మీ కుడిచేతి వైపు ఉంటే మీదే. ఎడమచేతి వైపు ఉంటే పిచ్చిది. తాడు చుట్టలా బల్లపరుపుగా ఉంటే అది ఇంకో రకం."

కుడి పన్నూ ఎడమ పన్నూ పొరపడని మనిషికి అది ఒక్కసారి చెబితే చాలు.

ఆ రాత్రి భోజనం చేస్తూ ఆయన రెండు ముద్దలు తిని ఆగిపోయాడు. "మీ తమ్ముడికి ఫోను కలుపు" అన్నాడు. భార్య వింతగా చూసి కలిపింది.

"ఒక పొరపాటు చేశాను. గుడ్లని తెలియక గీకేశాను" అన్నాడు నేరుగా.



"ముద్ద చెదిరిందా బావా?"

"లేదు. ఒక మూల తునిగింది. మిగతాది తడి కాగితం మీద ఉంచాను."

"అయితే పరవాలేదు. మొదటిసారి నేను చూయింగ్ గమ్ అనుకుని పారేశాను."

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. "అది కాదు. ఆ రోజు నలుగురి ముందూ ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"పోనీ బావా, ఇప్పుడెందుకు?" అన్నాడు బావమరిది. ఆగి, తగ్గిన గొంతుతో, "రోజుకోసారి మూత తెరిచి గాలి ఆడనివ్వండి" అన్నాడు.

అప్పటినుంచి రోజుకోసారి కాదు, గంటకోసారి తెరిచి చూశాడు. కోడిగుడ్డు పెంకులు కడిగి, ఎండబెట్టి, చిన్న రోట్లో మెత్తగా నూరి పెట్టాడు, పిల్లల గుల్లలు గట్టిపడాలని.

"నా పురిటప్పుడు కూడా ఇన్నిసార్లు తొంగి చూడలేదు మీరు" అంది భార్య.

"అప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదుగా."

గుడ్లు దొరికిన పంతొమ్మిదో రోజు ముద్ద బూడిదరంగుకు తిరిగి, పొడిబారిన ప్లాస్టరులా చిట్లింది. మర్నాడు పొద్దున డబ్బాలో నువ్వు గింజలంత ప్రాణులు పాకుతున్నాయి. ఆయన ఒకదాన్ని తడి కుంచె మొనతో తీసి భూతద్దం కింద పెట్టాడు. నోరు కుడివైపే. అరవై దాకా ఎంచి, లెక్క తప్పి, మానేశాడు. డబ్బాను వంచి ఒక్కొక్కటిగా నీళ్లలోకి జారనిచ్చాడు.

బావమరిది వచ్చేసరికి ఇంట్లోనే ఉన్నాడాయన. గుమ్మంలో సంచి దించకముందే చెయ్యి పట్టుకుని ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లాడు.

"చూడు, మొన పైకి పెట్టి, నోరు మన వైపు తిప్పుకోవాలి. కుడివైపుంటే మనది. పెంకుల పొడి చిటికెడే వెయ్యాలి, ఎక్కువైతే నీళ్లు మురుగుతాయి. రాగి మందు దగ్గరికి రానివ్వకూడదు, గుర్తుంచుకో."

ఆ బావమరిది ఆరేళ్లుగా నత్తల్ని పెంచుతున్నాడు. "అలాగా బావా" అంటూ సంచి భుజాన ఉండగానే వంగి, ఆయన చూపించిన ప్రతి పిల్లనూ చూశాడు. లోపల భార్య కంచాలు పెట్టి రెండోసారి పిలిచింది.